పాత చిన్న కారు నుంచి ట్రాక్ కారు దాకా



చిత్తూరు జిల్లా ఐరాల మండలంలోని పల్లెల్లోనూ, చిత్తూరు పట్టణంలోని మెకానిక్ షెడ్లలోనూ, ఏపీ 03 నంబరు పలకతో పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన చిన్న కార్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. సొంత వాడకపు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లతో ముగుస్తుంది కనుక, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి దానిని పునరుద్ధరించుకోవలసి వస్తుంది కనుక, ఆ వయసుకు చేరిన బండిని యజమానులు వచ్చిన ధరకు అమ్మివేయడమో, తుక్కు కింద తూకానికి వేయడమో చేస్తుంటారు. ఈ రెండు దారులతో పాటు మూడవది ఒకటి ఉంది. అది ఆ కారును సాధారణ రహదారి నుంచి పూర్తిగా తప్పించి, మోటారు పందేల కోసం ప్రత్యేకంగా నిర్మించిన మూసివున్న బాటపై మాత్రమే నడిచే ట్రాక్ కారుగా మలచుకోవడం. ఆ మలచడంలో ఉన్న విజ్ఞానాన్నీ, క్రమాన్నీ, బాధ్యతనూ వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

వెనుక డిక్కీ వేరుగా పొడుచుకు రాకుండా, వెనుక అద్దంతో సహా పైకి తెరుచుకునే తలుపు గల చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. ఇటువంటి కారును ట్రాక్ కారుగా మార్చాలనుకునే యువకుల ఆలోచన చాలా వరకు ఇంజన్ దగ్గరే మొదలై ఇంజన్ దగ్గరే ఆగిపోతుంది. శబ్దం పెరిగే సైలెన్సర్, పెద్ద కార్బురేటర్, ఎక్కువ అశ్వశక్తి అన్న వరుసలో డబ్బు ఖర్చయిపోయి, బ్రేకుకూ టైరుకూ మిగలకుండా పోతుంది. అయితే ఈ రంగంలో అనుభవం గడించిన నిర్మాతలు పాటించే క్రమం దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. ముందు మనిషి రక్షణ, ఆ తర్వాత బండిని ఆపే శక్తి, దాని వెంట నేలను పట్టుకునే శక్తి, మొదటి నుంచి చివరి దాకా బరువు తగ్గింపు, ఇవన్నీ కుదిరాక మాత్రమే ఇంజన్ అన్నది ఆ క్రమం. ఇకపై చెప్పబోయే వివరాలన్నీ ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి.

చిన్న కారు పందేలకు పనికిరాదన్న అపోహను ప్రపంచ మోటారు చరిత్ర ఏనాడో తొలగించింది. 1959లో బ్రిటన్‌లో ఆలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ, ఇంజన్‌ను అడ్డంగా అమర్చి ముందు చక్రాలనే నడిపించే పద్ధతితో, సుమారు మూడు మీటర్ల పొడవులోనే నలుగురు కూర్చునే చోటును సాధించింది. పందెపు కార్ల నిర్మాత జాన్ కూపర్ ఆ చిన్న బండిలోని సత్తాను గుర్తించి 1961లో మినీ కూపర్‌కు రూపమివ్వగా, ఆ వంశపు కార్లు 1964, 1965, 1967 సంవత్సరాల్లో ప్రతిష్ఠాత్మకమైన మాంటే కార్లో ర్యాలీని గెలుచుకున్నాయి. ఇందులో గమనించదగిన విశేషం ఏమిటంటే, కూపర్ ఇంజన్ శక్తిని పెంచినప్పుడు దానితో పాటే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా అమర్చాడు. ఆ తర్వాత 1976లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, కుటుంబాలు వాడుకునే హ్యాచ్‌బ్యాక్‌లోనే 110 అశ్వశక్తుల ఇంజన్‌ను అమర్చి, వేగవంతమైన చిన్న కార్లకు ఒక ప్రత్యేక తరగతినే సృష్టించింది.

భారతదేశంలో ఈ కథ దక్షిణాదిలోనే బలంగా వేళ్లూనింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, చెన్నై నుంచి నెల్లూరు వైపు వచ్చే దారిలో షోలవరం వద్ద ఉన్న యుద్ధకాలపు విమానాల రన్‌వేపై దశాబ్దాల పాటు పందేలు నిర్వహించి, 1990 నాటికి శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్‌ను నిర్మించుకుంది. ఇదే కాలంలో 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800, తన మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్‌తో, ఏడు వందల కిలోలకు మించని బరువుతో, దేశంలో కారు అన్న మాటకు కొత్త ప్రమాణమైంది. 1993లో వచ్చిన మారుతి జెన్, అల్యూమినియంతో పోతపోసిన 993 సీసీ ఇంజన్‌తో, సుమారు 50 అశ్వశక్తులతో, పందెగాళ్లకు మరింత ప్రియమైన బండిగా మారింది.

ఈ చిన్న కార్ల యంత్రభాగాలతో దేశపు మోటారు క్రీడకే పునాది వేసిన వ్యక్తిగా ఎస్. కరివర్ధన్ పేరును తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు పారిశ్రామిక కుటుంబాలలో ఒకటైన లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఆయన, తానూ పందెగాడే అయినప్పటికీ, తన గెలుపుతో తృప్తిపడక, సామాన్య కుటుంబాల యువకులు కూడా భరించగలిగే ఖర్చులో పందెపు కార్లను తయారుచేయాలని సంకల్పించాడు. మారుతి 800 ఇంజన్‌ను తీసుకుని, ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికే ఉండే తేలికైన ఫార్ములా మారుతి బండ్లను ఆయన రూపొందించాడు. అంతర్జాతీయ స్థాయితో పోలిస్తే వాటి వేగం తక్కువే అయినా, అందరికీ ఒకే శక్తి గల ఇంజన్ ఉండటం వల్ల గెలుపు నడిపేవారి నేర్పుపైనే ఆధారపడింది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తొలి పందేలు ఈ ఫార్ములా మారుతిలోనే సాగాయి. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ మరణించగా, కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయంలో 2003లో ప్రారంభమైన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు ఆయన జ్ఞాపకార్థం కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. తక్కువ శక్తి గల ఇంజన్‌తోనే మంచి డ్రైవర్లు తయారవుతారని చూపిన ఆయన కృషి, పాత హ్యాచ్‌బ్యాక్‌ను ట్రాక్ కారుగా మార్చుకునే ప్రతి ఒక్కరికీ దారి చూపుతుంది.

ఇక నిర్మాణ క్రమానికి వస్తే, మొదటి మెట్టు సరైన కారును ఎంచుకోవడం. రంగు, సీట్ల బట్ట, ఏసీ వంటివి ఎలాగూ తీసివేసేవే కనుక వాటి మెరుపుకు విలువ ఇవ్వనవసరం లేదు. చూడవలసింది బాడీ ఉక్కు ఆరోగ్యం. షాక్ అబ్జార్బర్ల పైకొసలు బిగించే చోట, తలుపుల కింద పొడవునా సాగే పెట్టె వంటి భాగంలో, నేల రేకు అంచుల్లో తుప్పు పట్టిందేమో స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి పరీక్షించాలి. రంగు కింద రేకు పొడిపొడిగా రాలితే ఆ కారును వదిలివేయడమే మేలు, ఎందుకంటే ఇక ముందు వివరించబోయే రక్షణ పంజరాన్ని వెల్డింగ్ చేయవలసింది ఆ రేకుకే. ఇంజన్ విషయంలో కంప్రెషన్ పరీక్ష చేయించడం, అంటే ఒక్కొక్క సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి గురవుతోందో మీటరుతో కొలిపించడం తప్పనిసరి. అన్ని సిలిండర్లలోనూ అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. జెన్ వంటి కార్లలో వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియనప్పుడు, కారు చేతికి వచ్చిన మొదటి రోజునే దానిని మార్చివేయాలి.

రెండవ మెట్టు బరువు తగ్గింపు. ఇది ట్రాక్ కారు నిర్మాణంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితమిచ్చే పని. వెనుక సీటు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు బట్ట, స్పీకర్లు, ఏసీ యంత్రాంగం, స్పేర్ చక్రం ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. నేల రేకుపై శబ్దం రాకుండా అతికించిన తారు వంటి పలకలను ఓపికగా గోకి తీయాలి. ఉదాహరణకు 750 కిలోల బరువు, 50 అశ్వశక్తుల ఇంజన్ గల కారు నుంచి 100 కిలోలు తగ్గించగలిగితే, వేగం అందుకోవడంలో అది పాత బరువుతోనే దాదాపు 58 అశ్వశక్తులు సంపాదించుకున్నట్టు లెక్క. అంతకంటే ముఖ్యంగా, ఇంజన్‌కు పెంచిన శక్తి వేగం పుంజుకునేటప్పుడు మాత్రమే ఉపకరిస్తుంది, తగ్గించిన బరువు వేగం పుంజుకునేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు కూడా ఉపకరిస్తుంది, టైర్లనూ బ్రేకులనూ అరగకుండా కాపాడుతుంది. అయితే తీసివేయడానికి ఒక హద్దు ఉంది. బాడీకి బలమిచ్చే అడ్డపట్టీలను, తలుపుల లోపలి రక్షణ కడ్డీలను కోసివేయడం బరువు తగ్గింపు కిందికి రాదు, అది ప్రాణాలతో చెలగాటం అవుతుంది.

మూడవ మెట్టయిన బ్రేకుల దగ్గర కొంత ఎక్కువసేపు ఆగాలి. కదిలే వస్తువులోని శక్తి దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, గంటకు 50 కిలోమీటర్ల నుంచి 100 కిలోమీటర్లకు వెళ్లిన కారులో శక్తి రెండింతలు కాక నాలుగింతలవుతుంది. 750 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే, దానిలోని సుమారు 2,90,000 జౌళ్ల శక్తి యావత్తూ బ్రేకుల్లో వేడిగా మారాలి. ఆ వేడి 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక లీటరు నీటిని మరిగే స్థితికి తేగలిగినంత. రహదారిపై ఎప్పుడో ఒకసారి జరిగే ఈ పని ట్రాక్‌పై ప్రతి చుట్టులోనూ అనేక మలుపుల ముందు మళ్లీ మళ్లీ జరుగుతుంది కాబట్టి, మామూలు ప్యాడ్లు కొన్ని చుట్లలోనే వేడెక్కి రాపిడి గుణం కోల్పోతాయి. దీనిని బ్రేక్ ఫేడ్ అంటారు.

ఇంతకంటే ప్రమాదకరమైన మరొక స్థితి బ్రేక్ ఆయిల్‌లో ఏర్పడుతుంది. షెడ్లలో బ్రేక్ ఆయిల్ అని పిలిచే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకపు ద్రవం సీసా తెరిచిన కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలని ప్రమాణం నిర్దేశిస్తుండగా, తేమ పీల్చిన తర్వాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155 కాగా, డాట్ 5.1కు 260, 180. ద్రవం మరిగినప్పుడు గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవం ఒత్తిడికి లొంగకపోయినా ఆవిరి లొంగిపోతుంది, ఫలితంగా పెడల్ నేలకు అంటుకున్నా కారు ఆగదు. అందుచేత ట్రాక్‌కు వెళ్లే ముందు పాత ద్రవాన్ని పూర్తిగా తీసివేసి, సీలు విప్పని సీసాలోని మేలిరకం ద్రవాన్ని గాలి బుడగలు లేకుండా నింపించడం, ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించడం, పగిలిన రబ్బరు గొట్టాలను మార్చడం అన్నవి ఇంజన్‌పై ఒక్క రూపాయి పెట్టకముందే పూర్తికావలసిన పనులు.

నాలుగవ మెట్టు టైర్లు, సస్పెన్షన్. కారు మొత్తం నేలను తాకేది నాలుగు అరచేతులంత స్థలంలో మాత్రమే కనుక, ఆ నాలుగు చోట్లను గరిష్ఠంగా వాడుకోవడమే సస్పెన్షన్ పని. టైరు పక్కగోడపై డాట్ గుర్తు తర్వాత కనిపించే చివరి నాలుగు అంకెలు తయారీ తేదీని చెబుతాయి, 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడి లోతు ఎంత ఉన్నప్పటికీ, ఏళ్ల తరబడి ఎండకు గట్టిపడిన రబ్బరు మలుపులో పట్టు ఇవ్వదు. గాలి ఒత్తిడిని నిర్ణయించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. టైరు అంచు నుంచి పక్కగోడ మీదికి సుద్దముక్కతో మూడు నాలుగు చోట్ల గీతలు గీసి కొన్ని చుట్లు నడిపి చూస్తే, గీత పక్కగోడ మీద దాకా చెరిగిపోయినప్పుడు ఒత్తిడి చాలలేదనీ, అంచుకు చేరకముందే చెరుగుడు ఆగిపోయినప్పుడు ఒత్తిడి ఎక్కువైందనీ తెలుస్తుంది. టైరు వేడెక్కే కొద్దీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, చుట్లు ముగించి వచ్చిన వెంటనే కొలిచిన అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో ముందువైపు సాధారణంగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతి ఉంటుంది, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన ఒకే నిలువు స్తంభం చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. మలుపులో బాడీ ఒరిగినప్పుడు ఈ అమరికలో బయటివైపు టైరు తన వెలుపలి అంచుపైకి ఒరిగిపోయి పట్టు కోల్పోతుంది. దీనికి విరుగుడుగా నిలబడి ఉన్నప్పుడే చక్రాల పైభాగాన్ని కొద్దిగా లోపలికి వాల్చి అమరుస్తారు, దీనినే నెగటివ్ క్యాంబర్ అంటారు. కారు ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులను గ్యాస్‌తో కోయించడం మాత్రం మానుకోవలసిన పద్ధతి, ఎందుకంటే కోసిన స్ప్రింగు గుంతలో తన స్థానం నుంచి జారిపోవచ్చు, పైగా అతిగా కిందికి దిగిన కారులో సస్పెన్షన్ కీళ్ల కోణాలు చెడి బాడీ ఇంకా ఎక్కువగా ఒరుగుతుంది. సాగిపోయిన రబ్బరు బుష్‌లను మార్చి, సరైన పొడవు, తగిన గట్టిదనం గల స్ప్రింగులకు జోడైన షాక్ అబ్జార్బర్లను వేసి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుంది.

ఇవన్నీ పూర్తయ్యాక ఇంజన్ వంతు వస్తుంది. ఇక్కడ కూడా శక్తి కంటే మన్నిక ముందు నిలవాలి. సుదీర్ఘమైన మలుపులో ఇంజన్ కింది పాత్రలోని ఆయిల్ ఒక పక్కకు చేరి, పంపు పీల్చే గొట్టం క్షణకాలం గాలిని పీల్చుకుంటే బేరింగులు దెబ్బతింటాయి. ఆ పాత్రలో అడ్డుగోడల వంటి రేకులను అమర్చడం, డ్యాష్‌బోర్డుపై ఆయిల్ ఒత్తిడినీ నీటి వేడినీ చూపే మీటర్లను బిగించడం, రేడియేటర్‌ను శుభ్రం చేయించడం తొలి పనులు. మరింత శక్తి కావాలనుకునేవారు జెన్‌లో అదే జి శ్రేణికి చెందిన ఎస్టీమ్ కారు 1298 సీసీ ఇంజన్‌ను అమర్చడం భారతీయ పందెపు రంగంలో బాగా తెలిసిన మార్గం. ఒకే కుటుంబపు ఇంజన్లు కావడం వల్ల మార్పులు తక్కువతో పని జరుగుతుంది. అయినా మొదటి ఏడాది పాత ఇంజన్‌తోనే నేర్చుకోవడం, నేర్చినంత మేరకే శక్తిని పెంచుకోవడం వివేకం.

వరుసలో చివరగా చెబుతున్నా, అన్నింటికంటే ముందు పూర్తికావలసినదీ, వివరంగా చెప్పుకోవలసినదీ రక్షణ పంజరం. రోల్ కేజ్ అని పిలిచే ఈ గొట్టాల చట్రం, కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు నలిగి మనిషిపై పడకుండా నిలబడుతుంది. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్.ఐ.ఏ. నిబంధనల ప్రకారం, డ్రైవర్ వెనుక నిలిచే ప్రధాన గొట్టం అతుకు లేకుండా చల్లగా సాగదీసిన ఉక్కుతో, 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందంతో గానీ, 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందంతో గానీ ఉండాలి. పంజరపు కాళ్లు నేల రేకును చీల్చుకుని దిగకుండా, కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల పలకలను వాటి కింద అమర్చాలి. నీళ్ల కోసం వాడే గొట్టాలు ఈ పనికి ఎంతమాత్రం తగవు. గొట్టపు వంపు నలగకూడదు, ప్రతి అతుకూ చుట్టూతా పూర్తిగా వెల్డింగ్ కావాలి, తల తగిలే చోట గట్టి మెత్త చుట్టాలి. హెల్మెట్ లేని తలకు ఇదే గొట్టం ప్రాణాంతకమవుతుంది కనుక, పంజరం వేసిన కారును మామూలు రహదారి ప్రయాణాలకు వాడరాదు. దీనితో పాటు వెన్ను కదలకుండా పట్టే పందెపు సీటు, ఆరు చోట్ల బిగించే బెల్టులు, మంటలార్పే సిలిండర్, బయటి నుంచి కూడా విద్యుత్తును ఆపివేయగల స్విచ్చు, లాగడానికి ముందు వెనుక కొక్కేలు, నిప్పును తట్టుకునే దుస్తులు, ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఉండాలి. ఈ రక్షణ సామగ్రి ధర కొన్నిసార్లు పాత కారు ధరకంటే ఎక్కువవుతుంది, అయినప్పటికీ బడ్జెట్ కాగితంపై మొదటి వరుసలో రాయవలసింది దానినే.

చట్టం విషయంలో అస్పష్టత ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చి రహదారిపై నడపరాదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. రహదారిపై పందేలకు దిగితే 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చిత్తూరు నుంచి పలమనేరుకు ఎక్కే మొగిలి ఘాట్ ఎంతటి ప్రమాదాలను చూసిందో ఈ ప్రాంతం వారికి చెప్పనవసరం లేదు. ఎదురుగా వచ్చే లారీలు, బస్సులు, పాదచారులు ఉన్న మలుపులో వేగాన్ని పరీక్షించుకోవడం నైపుణ్యానికి గుర్తు కాజాలదు, అది ఇతరుల ప్రాణాలను వారి అంగీకారం లేకుండా పణంగా పెట్టడమే అవుతుంది.

వేగానికి తగిన చోటు ఐరాలకు మరీ దూరంగా లేదు. చిత్తూరు మీదుగా రాణిపేటకు చేరి, అక్కడి నుంచి చెన్నై రహదారి పట్టుకుంటే సుమారు 150 కిలోమీటర్లలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వస్తుంది. 3.717 కిలోమీటర్ల పొడవు, 12 మలుపులు గల ఆ బాటకు, మార్పులు చేసిన కారును ట్రక్కుపై గానీ ట్రైలర్‌పై గానీ చేర్చడం పద్ధతి. ట్రాక్ డే అంటే గెలుపు ఓటములు లేకుండా, రుసుము చెల్లించి, జెండాలతో సూచనలిచ్చే మార్షల్స్, అంబులెన్సుల నడుమ నడుపుకునే రోజు. పోటీలోనే దిగాలనుకునేవారు ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ., అంటే భారత మోటారు క్రీడా సంఘాల సమాఖ్య, నుంచి లైసెన్సు పొంది, తాము దిగదలచిన తరగతి నిబంధనలను కారుకు తొలి స్పానర్ పట్టకముందే చదువుకోవాలి. తరగతికి సరిపోని మార్పు ఎంత గొప్పదైనా పోటీకి పనికిరాదు.

ట్రాక్‌పై నేర్చుకునే పాఠాలకు ముందు చక్రాలతో నడిచే చిన్న కారు మంచి గురువు. లాగడం, తిప్పడం అనే రెండు పనులూ ముందు టైర్లే చేస్తాయి కనుక, మలుపు మధ్యలో తొందరపడి యాక్సిలరేటర్ తొక్కితే కారు మూతి వెలుపలికి సాగిపోతుంది, దీనిని అండర్‌స్టీర్ అంటారు. మలుపులోనే ఉలిక్కిపడి ఒక్కసారిగా కాలు తీస్తే బరువు ముందుకు మళ్లి, తేలికపడిన వెనుక చక్రాలు పక్కకు జారతాయి. బ్రేకు పనిని తిన్నని దారిలోనే చాలా వరకు ముగించి, మలుపులోకి నెమ్మదిగా ప్రవేశించి, స్టీరింగ్ తిన్నబడే కొద్దీ యాక్సిలరేటర్ పెంచే అలవాటు తక్కువ శక్తి గల బండిలోనే గట్టిపడుతుంది. ఎందుకంటే అందులో మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని ఇంజన్ తిరిగి తెచ్చిపెట్టదు, డ్రైవరే తన నేర్పుతో దానిని కాపాడుకోవాలి.

ఈ పనికి కావలసిన చేతులు చిత్తూరు ప్రాంతంలో ఉన్నాయి. వంపు నలగకుండా గొట్టం వంచగల వెల్డర్లు, లేత్ పనివారు, టింకరింగ్ పనివారు, ఇంజన్ బోరింగ్ చేసేవారు ఇక్కడి షెడ్లలో ఉన్నారు, ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు ఊరూరా ఉన్నారు. కొలతను గౌరవించే విద్యార్థి, లోహం స్వభావం చేతితో ఎరిగిన పనివాడు కలిసి ఒక పాత కారు చుట్టూ నిలబడితే, ఒకరికి పుస్తకంలోని సూత్రం పనిలో కనబడుతుంది, మరొకరికి తన పనికి కారణం అర్థమవుతుంది. కరివర్ధన్ కోయంబత్తూరులో మారుతి 800 ఇంజన్‌తో నిరూపించింది కూడా ఇదే. పెద్ద పెట్టుబడి కంటే సరైన క్రమం, నిజాయతీ గల పనితనం, నేర్చుకునే ఓర్పు ఈ క్రీడను నిలబెడతాయి. ఆ క్రమాన్ని పాటించినవారి చేతిలో, తూకానికి పోవలసిన ఒక చిన్న కారు, మనిషిని క్షేమంగా ఇంటికి చేరుస్తూనే వేగపు విజ్ఞానాన్ని నేర్పే బడి కాగలదు.